ఐసీయూలో కిడ్నీ లెక్క: క్రియాటినిన్ చెప్పేదెంత, దాచేదెంత

ఐసీయూ తలుపు తెరుచుకోగానే బయట కుర్చీల్లో రాత్రంతా కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. డాక్టరు వచ్చి రెండు నిమిషాలు మాట్లాడతారు. "బీపీ మందుల మీద నిలబడింది. ఆక్సిజన్ ఫర్వాలేదు. క్రియాటినిన్ నిన్న 1.1 ఉంది, ఇవాళ 1.4 వచ్చింది. యూరిన్ కూడా కొంచెం తగ్గింది. చూద్దాం." తలుపు మూసుకుంటుంది. ఆ వెంటనే ఫోన్లు మొదలవుతాయి. ఊళ్లో ఉన్న అన్నయ్యకు, హైదరాబాద్‌లో అల్లుడికి, డల్లాస్‌లో కూతురికి ఒకటే కబురు: "కిడ్నీలు ఫెయిలయ్యాయట." ల్యాబ్ రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. "1.3 దాకా నార్మలే కదా, కాస్తే పెరిగింది, కంగారు పడకండి" అని ఒకరు ధైర్యం చెబుతారు. "ఇంకా డయాలసిస్ ఎందుకు పెట్టలేదు?" అని మరొకరు నిలదీస్తారు.

ఇద్దరూ చూసింది ఒకే అంకె. కండరాల్లోంచి వచ్చి కిడ్నీల ద్వారా బయటికి పోవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో చెప్పే అంకె అది. ఇద్దరూ పొరబడి ఉండవచ్చు. 1.4 అనే అంకె వెనక దాదాపు బాగున్న కిడ్నీ ఉండవచ్చు, సగానికి పైగా పని ఆగిపోయిన కిడ్నీ కూడా ఉండవచ్చు. ఏది నిజమో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. అంత ముఖ్యమైన అవయవాన్ని గమనించడానికి వైద్యుల చేతిలో ఉన్న సాధనాలు ఏమిటి, అవి ఎక్కడ తడబడతాయి, ఆ తడబాటును వాళ్లు ఎలా సరిచూసుకుంటారు అన్నది ఈ వ్యాసం విషయం.

## మానిటర్ మీద గీత లేని అవయవం

మంచం పక్కన ఉన్న తెర మీద గుండె వేగం, రక్తపోటు, ఆక్సిజన్ శాతం క్షణక్షణం కదులుతుంటాయి. కిడ్నీకి అక్కడ గీత లేదు. గుండె పంపే రక్తంలో ఐదో వంతు కిడ్నీల గుండానే పోతుంది. అయినా అవి ఈ నిమిషంలో ఎలా పనిచేస్తున్నాయో నేరుగా చూపించే యంత్రం మామూలు ఐసీయూల్లో లేదు.

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఒక్కో నెఫ్రాన్‌లో ముందు ఒక వడపోత గుత్తి, దాని వెనక సన్నని నాళిక. ఆరోగ్యవంతులైన యువకుల్లో ఈ గుత్తులన్నీ కలిసి నిమిషానికి దాదాపు 120 మిల్లీలీటర్ల ద్రవాన్ని వడకడతాయి, అంటే రోజుకు 170 లీటర్లకు పైమాటే. నాళికలు అందులో 99 శాతాన్ని తిరిగి పీల్చుకుంటాయి. చివరికి మూత్రంగా బయటికి వచ్చేది లీటరున్నర, రెండు లీటర్లు. నిమిషానికి వడపోసే ఆ పరిమాణాన్ని వైద్యులు జీఎఫ్ఆర్ అంటారు. మనం వడపోత వేగం అందాం.

గుత్తి, నాళిక అనే ఈ రెండింటి తేడా గుర్తుంచుకోవాలి. రక్తపోటు పడిపోయినప్పుడు, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకినప్పుడు ఎక్కువగా దెబ్బతినేవి నాళికలు. మనం కొలవాలని చూసేది మాత్రం గుత్తుల వడపోతను. ఈ విషయంలో వచ్చే గందరగోళంలో సగం ఈ తేడా నుంచే పుడుతుంది.

వడపోత వేగాన్ని కచ్చితంగా కొలవడం అసాధ్యమేమీ కాదు. ఐయోహెక్సాల్ లాంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, అది ఎంత త్వరగా మాయమవుతోందో గంటల తరబడి లెక్కించవచ్చు. పరిశోధనల్లో అలాగే చేస్తారు. ప్రతి రోగికీ ప్రతి రోజూ అలా చేయడం కుదరదు. అందుకే రెండు పరోక్ష సాక్ష్యాల మీద ఆధారపడతారు. రక్తంలో పేరుకుపోయింది ఒకటి, సంచిలో పడింది రెండోది.

## తొట్టి, పంపు, తూము

కండరాల్లో క్రియేటిన్ అనే పదార్థం ఉంటుంది. దానిలో కొద్ది భాగం రోజూ క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కండ ఎంత ఉంటే అంత వస్తుంది, రోజుకు దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. కిడ్నీలు దాన్ని వడకట్టి పారేస్తాయి.

ఒక తొట్టిని ఊహించుకోండి. పైన పంపు సన్నగా, ఎప్పుడూ ఒకే ధారగా పోస్తోంది. అది కండరం. అడుగున తూము ఉంది. అది కిడ్నీ. తొట్టిలో నీటి మట్టమే ల్యాబ్ రిపోర్టులోని క్రియాటినిన్. తూము సగం పూడుకుపోతే మట్టం పెరుగుతుంది, కానీ వెంటనే కాదు. పెరిగిన ఒత్తిడితో సగం తూములోంచే మళ్లీ పంపు పోసినంత నీరు బయటికి పోయేదాకా పెరుగుతూ, అక్కడ నిలుస్తుంది. అలా నిలిచేసరికి మట్టం రెట్టింపవుతుంది.

ఎంత సమయం? కిడ్నీలు బాగున్నప్పుడు రక్తంలోని క్రియాటినిన్ సగం కావడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. వడపోత సగానికి పడితే అది ఎనిమిది గంటలవుతుంది. కొత్త మట్టం కుదురుకోవడానికి అలాంటి సగాలు నాలుగైదు గడవాలి, అంటే ఒకటిన్నర రోజు. వడపోత పదో వంతుకు పడిపోతే దాదాపు వారం. కిడ్నీ దెబ్బతిన్నది సోమవారం రాత్రి అయినా క్రియాటినిన్ ఆ సంగతి పూర్తిగా చెప్పేది బుధవారమో, శుక్రవారమో.

ఇంకో చిక్కు ఉంది. దాన్ని అంకెల్లో చూస్తేనే బోధపడుతుంది. క్రియాటినిన్ 0.8 ఉన్న మనిషికి అది 1.6 అయి నిలిచిందంటే వడపోత సగం పోయింది. 1.6 నుంచి 3.2కు వెళ్తే మిగిలిన సగంలో సగం పోయి 25 శాతం మిగిలింది. 3.2 నుంచి 4.0కు వెళ్తే 25 శాతం 20 అయింది. మొదటి 0.8 పెరుగుదల 50 శాతం వడపోతను మింగితే, చివరి 0.8 పెరుగుదల 5 శాతాన్నే మింగింది. బయట ఉన్న కుటుంబం 3.2 నుంచి 4.0కు వచ్చిన రోజు ఏడుస్తుంది. 0.8 నుంచి 1.4కు వచ్చిన రోజు ఊరట పడుతుంది. అసలు నష్టం ఎక్కువగా ఆ తొలిరోజుల్లోనే జరిగిపోతుంది. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. రిపోర్టు మీద ముద్రించిన "నార్మల్ రేంజి" ఆ మాట చెప్పదు.

పరీక్షకూ కొన్ని బలహీనతలు ఉన్నాయి. మాక్స్ యాఫే అనే జర్మన్ శాస్త్రవేత్త 1886లో క్రియాటినిన్ పిక్రిక్ ఆమ్లంతో కలిస్తే రంగు మారుతుందని గమనించారు. ఆ రంగు ఆధారంగా కొలిచే పద్ధతి నేటికీ ఎన్నో ల్యాబుల్లో నడుస్తోంది. బాగా ముదిరిన కామెర్లలో పేరుకునే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం దాన్ని తప్పుదారి పట్టించి అంకెను తక్కువగా చూపిస్తుంది. ఎంజైమ్ పద్ధతిలో ఈ దోషం తక్కువ, ఖర్చు ఎక్కువ. కో-ట్రైమాక్సజోల్ లాంటి యాంటీబయాటిక్ మందు దీనికి తిరగబడిన కథ. నాళికలు కూడా కొంత క్రియాటినిన్‌ను బయటికి నెడుతుంటాయి, ఈ మందు ఆ దారిని మూసేస్తుంది. వడపోత చెక్కుచెదరకపోయినా అంకె పెరుగుతుంది.

రక్తంలోని మరో వ్యర్థం యూరియా సంగతి? పేగుల్లో రక్తస్రావం అయినా, స్టెరాయిడ్లు ఇచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా అది పెరుగుతుంది. రిపోర్టులో క్రియాటినిన్ పక్కనే ఉంటుంది గానీ, కిడ్నీ మీద సాక్ష్యంగా దానికి అంత బరువు లేదు.

## సంచిలో గంటగంటకూ పడేది

రెండో సాక్ష్యం మూత్రం. మంచానికి వేలాడే సంచికి ముందు గీతలున్న చిన్న గది ఉంటుంది. నర్సు ప్రతి గంటా అందులో ఎంత పడిందో రాసి, కిందికి వదిలేస్తారు. ఐసీయూ మొత్తంలో కిడ్నీ గురించి గంటగంటకూ కబురు చెప్పేది ఇదొక్కటే. ఖరీదైన యంత్రాల మధ్య దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, ఆ నర్సు చేతిరాతలో ఉన్నంత తాజా సమాచారం ల్యాబులో లేదు.

కొలత శరీర బరువును బట్టి ఉంటుంది. కిలోకు గంటకు అర మిల్లీలీటరు అనేది గీటురాయి. మనం ఒక రోగిని ఊహించుకుందాం. 58 ఏళ్ల రైతు, 60 కిలోల మనిషి. న్యుమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్‌గా మారింది, రక్తపోటు పడిపోయి ఐసీయూకు వచ్చారు. ఆర్నెల్ల కిందటి రిపోర్టులో ఆయన క్రియాటినిన్ 0.8. ఆయనకు గంటకు 30 మిల్లీలీటర్లు రావాలి, ఆరు గంటల్లో 180. నర్సు రాసినవి ఇవి: 25, 20, 28, 22, 18, 24. మొత్తం 137. ఆ సమయానికి రక్త పరీక్షలో క్రియాటినిన్ 0.9. ల్యాబు ఏమీ లేదంటోంది, సంచి ఏదో జరుగుతోందంటోంది.

సంచి మాటనూ గుడ్డిగా నమ్మలేం. నొప్పి, భయం, శస్త్రచికిత్స వంటి ఒత్తిడిలో మెదడు నీటిని దాచుకోమనే హార్మోనును విడుదల చేస్తుంది. అప్పుడు మూత్రం తగ్గడం కిడ్నీ జబ్బు కాదు, కిడ్నీ తన పని తాను సరిగ్గా చేస్తోందనడానికి గుర్తు. గొట్టం మెలిక పడినా, రక్తపు గడ్డ అడ్డుపడినా సంచి ఖాళీగానే ఉంటుంది. అందుకే మూత్రం ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే ముందుగా గొట్టాన్నే అనుమానిస్తారు. ఊబకాయం ఉన్నవారికి అసలు బరువుతో లెక్కిస్తే లేని జబ్బు ఉన్నట్టు తేలవచ్చు.

"మూత్రం బాగానే వస్తోంది కాబట్టి కిడ్నీలు బాగున్నాయి" అనే తర్కమూ నిలవదు. వానాకాలంలో పొలాల్లో, మురుగునీటిలో తిరిగేవారికి సోకే లెప్టోస్పైరోసిస్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో చాలామందికి మూత్రం ధారాళంగానే వస్తుంది. నాళికలు దెబ్బతిని నీటిని, పొటాషియంను పట్టి ఉంచలేకపోవడం వల్ల అలా వస్తుంది. సంచి నిండుతుంటుంది, క్రియాటినిన్ ఎక్కుతుంటుంది. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ల్యాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చాక వచ్చే మూత్రమూ అంతే. అది నీటిని బయటికి పంపుతుంది, కిడ్నీని బాగు చేయదు.

## ఇంజురీ అన్నారా, ఫెయిల్యూర్ అన్నారా

2000వ సంవత్సరం నాటికి హఠాత్తుగా వచ్చే కిడ్నీ వైఫల్యానికి వైద్య సాహిత్యంలో ముప్ఫైకి పైగా నిర్వచనాలు ఉండేవి. ఒక ఆసుపత్రి లెక్క మరో ఆసుపత్రి లెక్కతో కలిసేది కాదు. 2004లో రైఫిల్, 2007లో ఎకిన్ అనే పేర్లతో ఉమ్మడి కొలమానాలు వచ్చాయి. 2012లో కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ రెండింటినీ కలిపి ఇచ్చిన నిర్వచనమే ఎక్కువ చోట్ల వాడుకలోకి వచ్చింది.

దాని ప్రకారం 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారంలో పాత అంకెకు ఒకటిన్నర రెట్లయినా, ఆరు గంటలపాటు మూత్రం కిలోకు గంటకు అర మిల్లీలీటరు కంటే తగ్గినా అది అక్యూట్ కిడ్నీ ఇంజురీ. పొట్టిగా ఏకేఐ. క్రియాటినిన్ రెండు రెట్లకు చేరితే లేదా మూత్రం 12 గంటలు అలాగే తక్కువగా ఉంటే రెండో దశ. మూడు రెట్లయినా, 4.0కు చేరినా, 12 గంటలు అసలు మూత్రమే రాకపోయినా, డయాలసిస్ మొదలుపెట్టాల్సి వచ్చినా మూడో దశ.

ఫెయిల్యూర్ అనే మాటను వదిలి ఇంజురీ అనే మాటను కావాలనే ఎంచుకున్నారు. ఇంజురీ అంటే గాయం. గాయం చిన్నదైనా కావచ్చు, పెద్దదైనా కావచ్చు, మానవచ్చు కూడా. 2015లో వెలువడిన ఒక బహుళ దేశాల అధ్యయనంలో 33 దేశాల్లోని 97 ఐసీయూలను పరిశీలిస్తే, రోగుల్లో 57 శాతం మందికి మొదటి వారంలో ఏదో ఒక దశ ఏకేఐ కనిపించింది. డయాలసిస్ లాంటి చికిత్స అవసరమైంది మాత్రం 13.5 శాతానికి. "కిడ్నీలు ఫెయిలయ్యాయట" అని ఫోనులో వినిపించే మాట ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని చెరిపేస్తుంది. అలాగని మొదటి దశను తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. దశ పెరిగేకొద్దీ మరణ ప్రమాదం మెట్టుమెట్టుగా పెరుగుతుందని అదే అధ్యయనం చూపించింది.

మన రైతు క్రియాటినిన్ లెక్క ప్రకారం ఇంకా ఎక్కడా లేరు. మూత్రం లెక్క ప్రకారం మొదటి దశలో ఉన్నారు. మూత్రం ఒక్కటే తగ్గిన రోగిని ఏకేఐ అనాలా వద్దా అన్నది వైద్యుల మధ్య నిజంగానే ఉన్న అభిప్రాయభేదం. అలా అంటే ఒంటికి నీరు చాలనివారంతా జబ్బువాళ్లయిపోతారని కొందరి వాదన. క్రియాటినిన్ కోసం ఎదురుచూస్తే ఒక రోజు చేజారిపోతుందని మరికొందరి వాదన. రెండు సాక్ష్యాలూ కలిసి చెడినవారి పరిస్థితి అన్నిటికంటే ప్రమాదకరమన్న విషయంలో ఇరువర్గాలూ ఒప్పుకుంటాయి.

## సెలైన్ పలచన చేస్తుంది, మంచం కండను కరిగిస్తుంది

మన రైతు మూడో రోజుకు వద్దాం. రక్తపోటు నిలబెట్టడానికి సెలైన్లు, మందులు, యాంటీబయాటిక్స్ ఎక్కించారు. లోపలికి వెళ్లినదాంట్లోంచి బయటికి వచ్చినది తీసేస్తే ఒంట్లో అదనంగా 6 లీటర్లు మిగిలాయి. క్రియాటినిన్ 1.4. పాత అంకె 0.8కి ఇది 1.75 రెట్లు, అంటే మొదటి దశ.

ఇప్పుడు తొట్టికి తిరిగి వెళ్దాం. తొట్టే పెద్దదైపోయింది. 60 కిలోల మనిషి ఒంట్లో బరువులో 60 శాతం, అంటే 36 లీటర్ల నీరు ఉంటుంది. ఇప్పుడది 42 లీటర్లు. అదే క్రియాటినిన్ ఎక్కువ నీటిలో కలిసి పలచబడింది. పలచబడకపోతే ఎంత ఉండేది? 1.4ను 42తో గుణించి 36తో భాగిస్తే 1.63. ఇది 0.8కి రెండు రెట్లు దాటింది, అంటే రెండో దశ. రిపోర్టు ఒక మెట్టు తక్కువ చూపిస్తోంది. ఈ దిద్దుబాటును ప్రతి ఆసుపత్రీ కాగితం మీద చేయదు. కానీ నీటి లెక్క పట్టికను, క్రియాటినిన్‌ను పక్కపక్కన పెట్టి చదివే వైద్యులు మనసులో చేసుకునే లెక్క ఇదే.

పంపు కూడా స్థిరంగా లేదు. తీవ్రమైన జబ్బులో కండరాలు రోజురోజుకూ కరుగుతాయి. ఇంట్లోవాళ్లు చూడగానే "చేతులు ఇంత సన్నబడ్డాయేమిటి" అని దిగులుపడేది ఇందుకే. సెప్సిస్‌లో క్రియాటినిన్ తయారీయే తగ్గుతుందని జంతువుల మీద ప్రయోగాల్లో తేలింది. పంపు సన్నబడితే తూము పూడుకుపోయినా మట్టం అంతగా పెరగదు. వృద్ధులు, కాలేయం చెడినవారు, ఎంతోకాలంగా తిండి సరిగా లేనివారు ఆసుపత్రికి వచ్చేటప్పటికే ఈ స్థితిలో ఉంటారు. వాళ్లకు 1.0 కూడా చెడ్డ అంకె కావచ్చు.

పాముకాటు, ఎత్తునుంచి పడిన గాయాలు, హెయిర్ డై తాగడం వంటి ఘటనల్లో ఇందుకు విరుద్ధం జరుగుతుంది. కండరం ఒక్కసారిగా చితికిపోయి లోపలి పదార్థాలన్నీ రక్తంలోకి వస్తాయి, మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారుతుంది. ఈ సందర్భాల్లో క్రియాటినిన్ కంటే ముందు భయపెట్టేది పొటాషియం. అది గంటల్లోనే గుండె లయను దెబ్బతీయగలదు.

## పాత అంకె లేకపోతే ఏ అంకెతో పోల్చాలి

నిర్వచనం అంతా "పాత అంకెకు ఎన్ని రెట్లు" అన్నదాని మీదే నిలబడింది. పాత అంకె ఎక్కడిది? ఏడాదికోసారి రక్త పరీక్ష చేయించుకునే అలవాటు చాలా కుటుంబాల్లో లేదు. స్పృహ లేని స్థితిలో వచ్చిన మనిషికి క్రియాటినిన్ 2.4 ఉంటే, అది ఈ వారం పెరిగిందా, అయిదేళ్లుగా అలాగే ఉందా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస వైపు గ్రామాల్లో మధుమేహమో రక్తపోటో లేకుండానే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు విస్తృతంగా ఉంది. దానికి కారణం ఇదీ అని ఇంకా నిర్ధారణ కాలేదు. అక్కడి నుంచి జ్వరంతో వచ్చిన ఒకరికి 2.4 పాత అంకె కావచ్చు. పక్క మంచంలోని 0.7 పాత అంకె ఉన్న యువతికి అదే 2.4 మూడో దశ ఏకేఐ. పాత రిపోర్టు దొరకనప్పుడు వైద్యులు అల్ట్రాసౌండ్‌లో కిడ్నీల పరిమాణం చూస్తారు. కుంచించుకుపోయి ఉంటే జబ్బు పాతదనే అనుమానం బలపడుతుంది. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉండటమూ అటువైపే చూపుతుంది. ఇంటి బీరువాలో మడత పెట్టి ఉన్న పాత ల్యాబ్ కాగితానికి ఐసీయూలో ఉన్నంత విలువ మరెక్కడా ఉండదు.

## ఈజీఎఫ్ఆర్ ఇక్కడ ఎందుకు తప్పుతుంది

చాలా రిపోర్టుల్లో క్రియాటినిన్ కింద ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ముద్రిస్తారు. వయసు, స్త్రీయా పురుషుడా, క్రియాటినిన్ ఎంత అన్నవాటి నుంచి సూత్రం ద్వారా లెక్కకట్టిన వడపోత వేగం అది. దీర్ఘకాలిక జబ్బులో చాలా ఉపయోగపడుతుంది. ఆ సూత్రం మాత్రం తొట్టిలో మట్టం కుదురుగా ఉందని ముందే అనుకుంటుంది.

మన రైతు వయసే ఉన్న మరొకరి కిడ్నీలు రెండూ నిన్న ఉదయం పూర్తిగా ఆగిపోయాయనుకుందాం. నిజమైన వడపోత సున్నా. అలాంటివారిలో క్రియాటినిన్ రోజుకు దాదాపు 1 చొప్పున పెరుగుతుంది కాబట్టి ఇవాళ్టికి 0.8 నుంచి 1.8 అయింది. 2021 నాటి సూత్రంలో ఆ అంకె వేస్తే ఈజీఎఫ్ఆర్ 43 అని వస్తుంది. సున్నా పనిచేసే కిడ్నీకి 43 మార్కులు! కోలుకునేటప్పుడు తప్పు రెండోవైపుకు తిరుగుతుంది. వడపోత అప్పటికే మెరుగుపడినా, పేరుకున్న క్రియాటినిన్ దిగడానికి సమయం పడుతుంది గనుక సూత్రం తక్కువ చూపిస్తుంది.

మందుల మోతాదు దగ్గర ఇది ప్రాణాల మీదికి వస్తుంది. మిగతా మందులకు లొంగని బ్యాక్టీరియాకు వాడే కొలిస్టిన్, అమికాసిన్ వంటివి కిడ్నీ ద్వారానే బయటికి పోతాయి, కిడ్నీనే దెబ్బతీయగలవు కూడా. వడపోత తగ్గిందని తెలియక పూర్తి మోతాదు ఇస్తే హాని. అతిజాగ్రత్తగా మోతాదు తగ్గిస్తే ఇన్ఫెక్షన్ గెలుస్తుంది. ఇంకో కోణమూ ఉంది. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన యువకుల్లో కొందరికి వడపోత నిమిషానికి 130 మిల్లీలీటర్లు దాటి పరుగెడుతుంది. మామూలు మోతాదు యాంటీబయాటిక్ వాళ్లలో పనిచేసేలోపే మూత్రంలో కొట్టుకుపోతుంది. వాళ్ల క్రియాటినిన్ చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

## గాయం ఎక్కడిదో వెతకడం

అంకె పెరిగిందని తెలిశాక అసలు ప్రశ్న మొదలవుతుంది. ఎందుకు పెరిగింది? రక్తం అందకనా, కిడ్నీ లోపలే దెబ్బతినా, మూత్రం బయటికి పోయే దారి మూసుకునా? మూడోదాన్ని అల్ట్రాసౌండ్ చాలావరకు తేల్చేస్తుంది. మొదటి రెండింటినీ విడదీయడం కష్టం. వడపోసిన సోడియంలో ఎంత శాతం మూత్రంలోకి పోతోందన్నదాన్ని బట్టి చెప్పవచ్చని పాత పాఠం. కిడ్నీకి రక్తం తక్కువైతే అది ఉప్పును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆ శాతం ఒకటి కంటే తక్కువ ఉంటుంది. సెప్సిస్‌లో, ల్యాసిక్స్ ఇచ్చాక ఈ లెక్క తప్పుతుంది. మూత్రాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే కనిపించే బురద రంగు ముద్దలు నాళికల కణాలు రాలిపోతున్నాయని చెబుతాయి. ఈ పాత పరీక్షకు ఖర్చు దాదాపు లేదు, కావలసింది చూడగలిగిన కన్ను.

రక్తం అందడం అంటే సెలైన్ ఎక్కించడం ఒక్కటే కాదు. కిడ్నీలోకి రక్తాన్ని నెట్టేది ధమనిలో పీడనం, బయటికి పోనీయకుండా ఆపేది సిరల్లో, పొట్టలో పీడనం. తీవ్రమైన డెంగీలో, క్లోమ గ్రంథి వాపులో పొట్ట నీటితో ఉబ్బి లోపలి పీడనం పెరిగితే కిడ్నీలు నలిగిపోతాయి. మూత్రాశయంలోని గొట్టం ద్వారానే ఆ పీడనాన్ని కొలుస్తారు. మిల్లీమీటర్ల పాదరసంలో అది 12 దాటితే పెరిగినట్టు, 20 దాటి అవయవాలు దెబ్బతింటుంటే అత్యవసర స్థితి. అలాంటి రోగికి మూత్రం రావడం లేదని ఇంకో రెండు లీటర్లు ఎక్కిస్తే ఉన్న జబ్బు ఎక్కువవుతుంది. తొలి గంటల్లో ప్రాణం పోసిన సెలైనే మూడో రోజున భారం కావచ్చు.

## కొత్త పరీక్షలు తెచ్చిన ఆశ

క్రియాటినిన్ వడపోత తగ్గిన తర్వాతే పెరుగుతుంది. నాళికలు దెబ్బతింటున్నప్పుడే కబురు చెప్పే పదార్థం ఏదైనా ఉంటే? గుండెపోటును పట్టించే రక్త పరీక్షగా ట్రోపోనిన్ ఉన్నట్టు కిడ్నీకీ ఒకటి కావాలని పరిశోధకులు ఎంతోకాలంగా వెతుకుతున్నారు. 2005లో అమెరికాలో గుండె ఆపరేషన్ అయిన పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఎన్‌గాల్ అనే ప్రోటీన్ మూత్రంలో రెండు గంటల్లోనే పెరిగి, ఎవరికి కిడ్నీ దెబ్బతింటుందో ముందే చెప్పగలిగింది. ఎంతో ఉత్సాహం వచ్చింది. పెద్దవాళ్ల ఐసీయూలకు వచ్చేసరికి ఆ ఫలితం మసకబారింది. పిల్లల విషయంలో కిడ్నీకి దెబ్బ తగిలిన నిమిషం తెలుసు. ఐసీయూకు వచ్చే వృద్ధుడికి మధుమేహం ఉంటుంది, ఇన్ఫెక్షన్ ఉంటుంది, దెబ్బ ఎప్పుడు తగిలిందో ఎవరికీ తెలియదు. ఎన్‌గాల్ ఇన్ఫెక్షన్‌లో తనంతట తానే పెరుగుతుంది.

ఆ తర్వాత టింప్-2, ఐజీఎఫ్‌బీపీ-7 అనే రెండు ప్రోటీన్లను కలిపి కొలిచే మూత్ర పరీక్షకు 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. నాళికల కణాలు ఒత్తిడికి లోనైతే ఇవి పెరుగుతాయి. సమర్థకులు చెప్పేదేమిటంటే, ముందే తెలిస్తే హాని చేసే మందులు ఆపవచ్చు, రక్తపోటును జాగ్రత్తగా నిలబెట్టవచ్చు. సందేహించేవారు అడిగేదేమిటంటే, ఆ జాగ్రత్తలు ఐసీయూలో ప్రతి రోగికీ తీసుకోవలసినవే కదా, కొత్తగా ఇవ్వడానికి మందు ఏదీ లేనప్పుడు ముందుగా తెలిసి లాభమెంత? నా దృష్టిలో రెండో ప్రశ్నకు ఇంకా గట్టి జవాబు రాలేదు. కిడ్నీని కాపాడుతుందని దశాబ్దాలపాటు నమ్మి ఇచ్చిన తక్కువ మోతాదు డోపమిన్ అనే మందు ఏ మేలూ చేయదని 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో జరిగిన అధ్యయనం తేల్చింది. దాని స్థానంలోకి అలాంటి మందు మరొకటి రాలేదు.

సిస్టాటిన్-సి వేరే రకం. ఇది దెబ్బను కాదు, వడపోతనే కొలుస్తుంది. కండరంతో పని లేకుండా ఒంట్లోని కణాలన్నీ దీన్ని తయారు చేస్తాయి కాబట్టి చిక్కిపోయిన రోగిలో క్రియాటినిన్ కంటే నమ్మదగినది. స్టెరాయిడ్లు, థైరాయిడ్ జబ్బు, ఒంట్లో వాపు దీన్ని కదిలిస్తాయి.

అన్నిటికంటే చవకైన పరీక్ష ఒకటి ఉంది. ఒంట్లో నీరు తగినంత ఉన్న ఏకేఐ రోగికి కిలోకు 1 మిల్లీగ్రాము ల్యాసిక్స్ ఇచ్చి రెండు గంటలు చూస్తారు. ఇంతకుముందే ఆ మందు వాడినవారికి 1.5 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల మూత్రం కూడా రాకపోతే జబ్బు మూడో దశకు ముదిరే అవకాశం ఎక్కువ. 2013లో వెలువడిన ఈ పద్ధతిలో తెలివి ఎక్కడుందంటే, ల్యాసిక్స్ పనిచేయాలంటే రక్తం కిడ్నీకి చేరాలి, నాళిక దాన్ని లోపలికి తీసుకోవాలి, దారి తెరిచి ఉండాలి. మూత్రం వచ్చిందంటే ఇవన్నీ ఇంకా బతికే ఉన్నాయని అర్థం. ఇక్కడ ల్యాసిక్స్ చికిత్స కాదు, కిడ్నీని అడిగిన ప్రశ్న.

## డయాలసిస్ ముందుగానా, ఆగి చూశాకనా

"ఇంకా ఎందుకు పెట్టలేదు" అన్న బంధువు ప్రశ్నకు వైద్యులూ ఏళ్ల తరబడి జవాబు వెతికారు. పొటాషియం మందులకు లొంగకపోయినా, రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు నిండినా ఎవరూ ఆగరు. అవేవీ లేకుండా అంకెలు మాత్రమే చెడ్డగా ఉన్న రోగి విషయంలోనే చర్చ.

2016లో రెండు అధ్యయనాలు దాదాపు ఒకేసారి వచ్చి వైద్యలోకాన్ని రెండుగా చీల్చాయి. జర్మనీలో ఒకే ఆసుపత్రిలో 231 మందిపై జరిగినదాంట్లో ముందుగా మొదలుపెట్టినవారు ఎక్కువమంది బతికారు. ఫ్రాన్స్‌లో 620 మందిపై జరిగినదాంట్లో మరణాల్లో తేడా లేదు. పైగా ఆగి చూసిన వర్గంలో దాదాపు సగం మందికి డయాలసిస్ అవసరమే రాలేదు. 2020లో 15 దేశాల్లోని 168 ఆసుపత్రుల్లో దాదాపు మూడు వేల మందితో జరిగిన పరీక్ష ఈ తగాదాను చాలావరకు తీర్చింది. 90 రోజుల్లో మరణాలు ఒకవైపు 43.9 శాతం, మరోవైపు 43.7 శాతం. బతికినవారిలో ఇంకా డయాలసిస్ మీదే ఉన్నవారు ముందుగా మొదలుపెట్టిన వర్గంలో 10.4 శాతం, ఆగి చూసిన వర్గంలో 6 శాతం. డయాలసిస్ సమయంలో రక్తపోటు పడిపోవడం కోలుకుంటున్న కిడ్నీకి మళ్లీ దెబ్బ అవుతుందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. అయితే ఎంతకాలమైనా ఆగవచ్చని కాదు. మరీ ఆలస్యం చేస్తే మేలు లేదనీ, హాని జరిగే అవకాశం ఉందనీ 2021లో ఫ్రాన్స్ బృందమే చూపించింది.

అంటే "చూద్దాం" అన్న డాక్టరు మాట నిర్లక్ష్యం కాకపోవచ్చు. గంటగంటకూ సంచిని, ఆరేసి గంటలకు పొటాషియంను చూస్తూ చెప్పిన "చూద్దాం" ఒక చికిత్సా పద్ధతే. అలా చూడటానికి మనుషులు లేని చోట చెప్పిన "చూద్దాం" వేరు.

## ఇంటికి వెళ్లే రోజు 0.7

మన రైతు కోలుకున్నారనుకుందాం. డయాలసిస్ అవసరం రాలేదు. మూడు వారాల తర్వాత డిశ్చార్జి కాగితంలో క్రియాటినిన్ 0.7, రాకముందు ఉన్న 0.8 కంటే తక్కువ. ఈజీఎఫ్ఆర్ 107. కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది.

ఆయన చేతులు చూడండి, తొడలు చూడండి. పంపు సన్నబడింది. ఈ దశలో మరో పాత పరీక్ష నిజం చెప్పగలదు. నాలుగు గంటల్లో వచ్చిన మూత్రమంతా పట్టి కొలిచారు. 240 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి ఒకటి. ఆ మూత్రంలో క్రియాటినిన్ డెసిలీటరుకు 35 మిల్లీగ్రాములు, రక్తంలో 0.7. 35ను ఒకటితో గుణించి 0.7తో భాగిస్తే 50. సూత్రం 107 అన్న చోట కొలత 50 అంటోంది.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి చూడాలని కేడిగో చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఆ మూడు నెలల్లో ఆయన తిన్నారు, నడిచారు, పొలానికి వెళ్లడం మొదలుపెట్టారు, ఒంటికి కండ పట్టింది. ఈసారి రిపోర్టులో క్రియాటినిన్ 1.3. "అప్పుడు 0.7కు వచ్చింది కదా, ఇప్పుడెందుకు పెరిగింది, ఇంటికి వచ్చాక ఏం తప్పు చేశాం" అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. కిడ్నీ డిశ్చార్జి రోజున ఎంత పనిచేసిందో ఇప్పుడూ దాదాపు అంతే పనిచేస్తోంది. ఆయన కండ తిరిగి రావడం వల్ల ఆ సంగతి ఇప్పుడు కాగితం మీద కనిపించింది.